అటెన్‌బరో: ముందు ఊరా, ముందు ఇంటిపేరా? ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ ఉంది?

డెర్బీ శ్రీను:
అందరికీ నమస్తే. నేను రోజూ డెర్బీ నుంచి నాటింగ్‌హామ్‌కి రైల్లో ఆఫీసుకి వెళ్తాను. లాంగ్ ఈటన్ దాటగానే అటెన్‌బరో అని చిన్న స్టేషన్ ఒకటి వస్తుంది. రెండు ప్లాట్‌ఫారాలు, ఓ పక్క చెరువులు, ఆ చెట్ల వెనక చర్చి శిఖరం. జంతువుల డాక్యుమెంటరీలు తీసే డేవిడ్ అటెన్‌బరో పేరు ఆ స్టేషన్‌కి పెట్టారా, లేక ఆ ఊరి పేరే ఆయనకి ఇంటిపేరైందా? ఆఫీసులో ఇక్కడివాళ్లని అడిగితే ఒకరు అటు అంటారు, ఒకరు ఇటు అంటారు. ఇంటిపేర్ల వెబ్‌సైట్లు చూస్తే ఒకటేమో "కోట దగ్గర ఉండేవాడు" అని అర్థం చెప్పింది, ఇంకోటి "నాటింగ్‌హామ్‌షైర్ ఊరి పేరు" అంది. ఇంగ్లండ్‌లో స్మిత్‌లు, జోన్స్‌లు వీధికి పదిమంది కనిపిస్తారు గానీ ఈ పేరు మాత్రం డేవిడ్, సినిమాలు తీసిన ఆయన అన్న రిచర్డ్, ఈ ఇద్దరిదీ తప్ప నేనెక్కడా వినలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత కాగితాలు:
ఊరే ముందు శ్రీను గారూ, అందులో అనుమానమేమీ లేదు. మీరెక్కే రైలు మార్గం వేసిందే 1839లో. డేవిడ్ అటెన్‌బరో పుట్టింది 1926లో, అదీ లండన్ పక్కన ఐజిల్‌వర్త్‌లో. మీకు కనిపించే చర్చి సెయింట్ మేరీ చర్చి. ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు, మొదటి చార్లెస్ రాజు మరణశిక్ష పత్రం మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకడైన హెన్రీ ఐర్టన్‌కి 1611లో బాప్తిస్మం ఇచ్చింది అక్కడే. ఊరు అంతకంటే చాలా పాతది. 12వ శతాబ్దపు రాతల్లో "అడిన్‌బుర్ఖ" అని కనిపిస్తుంది. అడ్డా అనో ఎడ్డి అనో ఒకాయన ఉండేవాడు, ఆయన కట్టిన గట్టి ఆవరణ అది, అంతే. (అడ్డా అంటే మన ఆటోల అడ్డా కాదు, పాత ఇంగ్లీషులో మనిషి పేరు.) చివర ఉన్న "బరో" అంటే కోట, చుట్టూ గట్టు కట్టిన చోటు.

ఆ చెరువులు మాత్రం పాతవి కావు. ట్రెంట్ నది ఒడ్డున కంకర తవ్విన గోతులవి. నీళ్లు నిండాక పక్షుల అభయారణ్యంగా మార్చారు. 1966లో దాన్ని ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరోనే. స్టేషన్‌కి ఆయన పేరు పెట్టారన్న మాట బహుశా అక్కడి నుంచే మొదలై ఉంటుంది.

విజయనగరం మాస్టారు:
ఊరు పాతదే, ఒప్పుకుంటాను. కానీ ఊరు పాతదైనంత మాత్రాన ఇంటిపేరు దాని నుంచే వచ్చిందని ఎలా అంటారు? మధ్యయుగపు ఇంగ్లీషులో "అటెన్" అంటే "ఫలానాదాని దగ్గర" అని. అటెన్ యాష్, అంటే యాష్ చెట్టు దగ్గరివాడు, నలిగి నలిగి నాష్ అయ్యాడు. అటెన్ ఓక్ నోక్స్ అయింది. అటెన్ చివర ఉన్న "న" తర్వాతి మాటకి అతుక్కుపోయింది. ఈ లెక్కన అటెన్ బర్గ్, అంటే కోట దగ్గరివాడు, అటెన్‌బరో ఎందుకు కాకూడదు? ఇంటిపేర్ల నిఘంటువుల్లోనూ ఈ అర్థం ఉంది. కోటలు ఇంగ్లండ్ నిండా ఉన్నాయి. అలాంటప్పుడు ఆ పేరు పదిచోట్ల పుట్టి ఉండాలి, ఒక్క ఊరికే కట్టేయకూడదు.

పాత కాగితాలు:
మాస్టారూ, మీ వాదానికి వ్యాకరణం అడ్డొస్తుంది. బరోకి పాత ఇంగ్లీషు రూపం బుర్హ్, అది స్త్రీలింగం. స్త్రీలింగానికి "అటెన్" రాదు, "అటర్" రావాలి. అప్పుడది అటర్‌బరో అవ్వాలి కదా.

విజయనగరం మాస్టారు:
అలా అనుకుంటే ఓక్ కూడా స్త్రీలింగమే బాబూ! మరి నోక్స్ ఎలా వచ్చింది? నదిలో లంకని చెప్పే మాట కూడా స్త్రీలింగమే. దాని నుంచి రై అన్న ఇంటిపేరు వచ్చింది, నై కూడా వచ్చింది. ఒకటి అటర్ నుంచి, ఒకటి అటెన్ నుంచి. ఇంటిపేర్లు స్థిరపడేనాటికే ఇంగ్లీషులో లింగభేదం కరిగిపోతోంది. లింగం పట్టుకుని తీర్పు చెప్పలేం.

బెజవాడ బాబాయ్:
మీ ఇద్దరి పోట్లాట భలే ఉంది గానీ నాకో చిన్న డౌటు. శ్రీనూ, నువ్వు చూసిన సైటు "మీ వంశ చిహ్నం ఫ్రేమ్ కట్టించి పంపుతాం" అని డబ్బులు అడిగే రకమేనా? గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో పేరు కొట్టినా సింహం బొమ్మతో డాలు ఒకటి చూపించి క్రెడిట్ కార్డు నంబరు అడుగుతోంది.

పాత కాగితాలు:
బాబాయ్, అవి నమ్మకండి. ఇంగ్లండ్‌లో వంశ చిహ్నం ఇంటిపేరుకి ఇవ్వరు, మనిషికి ఇస్తారు. లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఆ మాట గట్టిగానే చెబుతుంది. ఆ పేరున్న ఎవడికో ఒకడికి డాలు ఇచ్చి ఉంటే అది వాడి వారసులకే, ఆ ఇంటిపేరు వాళ్లందరికీ కాదు.

మ్యాపుల పిచ్చి:
వ్యాకరణం తేల్చనప్పుడు మ్యాపు చూడాలండీ. బ్రిటన్‌లో ఇంటిపేర్ల మీద పనిచేసేవాళ్లు మొదట తీసేది 1881 జనాభా లెక్క. కారణం ఉంది. వాలంటీర్లు కూర్చుని ఆ లెక్క మొత్తాన్ని పేరు పేరునా కంప్యూటర్లోకి ఎక్కించారు. పైగా కార్లు, మోటారు బస్సులు రాకముందు కాలం. రైళ్లు వచ్చినా పల్లెటూరివాళ్లు ఎక్కువమంది తాతల చుట్టుపక్కలే ఉన్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు ఈ లెక్కతో ఇంటిపేర్ల మ్యాపులు కూడా తయారుచేశారు.

అటెన్‌బరోకి అందులో రంగు ముదిరేది నాటింగ్‌హామ్‌షైర్‌లో, దాని పక్కన డెర్బీషైర్‌లో. మాస్టారు అన్నట్టు కోటల దగ్గర పదిచోట్ల పుట్టి ఉంటే కెంట్‌లో ఓ మచ్చ, డెవన్‌లో ఓ మచ్చ, యార్క్‌షైర్‌లో ఓ మచ్చ కనిపించాలి. అలా కనిపించదు.

ఒక్క జాగ్రత్త. మనుషుల సంఖ్య చూడకండి, నిష్పత్తి చూడండి. సంఖ్య చూస్తే ఏ పేరైనా లండన్‌లో ఎక్కువగానే ఉంటుంది, ఎందుకంటే జనమంతా అక్కడే ఉన్నారు. పదివేలమందిలో ఎంతమంది అని చూస్తే అసలు ఊరు బయటపడుతుంది.

డెర్బీ శ్రీను:
థాంక్స్ అండీ. నేనూ చూశాను. కానీ లండన్‌లోనూ కొందరు ఉన్నారు కదా, వాళ్లెవరు?

పాత కాగితాలు:
తాకట్టు కొట్లవాళ్లు! 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే వెంటనే గుర్తొచ్చేది తాకట్టు వ్యాపారం. గొలుసో, గడియారమో పట్టుకుని అక్కడికి వెళ్లడం మామూలు మాట. ఒక కుటుంబం పైకొస్తే అన్నదమ్ములు, బావమరుదులు అదే వ్యాపారంలోకి దిగుతారు, బోర్డుల మీద పేరు పెద్దదవుతుంది. పేరు రాజధానిలో మోగినా అది పుట్టిన చోటు రాజధాని కానక్కర్లేదు.

లత (జెనెటిక్స్):
ఇంతసేపూ డీఎన్‌ఏ మాట ఎవరూ ఎత్తలేదే! అటెన్‌బరో మీద ఏకంగా పరిశోధనే జరిగింది. అదీ లెస్టర్ యూనివర్సిటీలో, నాటింగ్‌హామ్‌కి పక్కనే.

ఇంగ్లండ్‌లో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. మగవాళ్లలో మాత్రమే ఉండే డీఎన్‌ఏ భాగం, వై క్రోమోజోమ్ కూడా అంతే. అందుకని ఒకే ఇంటిపేరున్న మగవాళ్లు ఒకే మూలపురుషుడి సంతానమైతే వాళ్ల వై క్రోమోజోములు కలవాలి. ఆ యూనివర్సిటీ పరిశోధకులు టురి కింగ్, మార్క్ జాబ్లింగ్ ముందు 2006లో ఒకే ఇంటిపేరున్న 150 జంటలని తీసుకుని చూశారు. అంతా కలిపి చూస్తే దగ్గరి మూలం కనిపించింది పావువంతు జంటల్లోనే. అరుదైన పేర్లు మాత్రమే తీస్తే అది సగం దాకా వెళ్లింది.

తర్వాత 2009లో 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్లు. తెలిసిన చుట్టాలని ముందే పక్కన పెట్టేశారు. స్మిత్ లాంటి పేర్లలో మామూలు జనంలో ఉన్నంత వైవిధ్యం ఉంది. స్మిత్ అంటే కమ్మరి, కమ్మరి ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు కాబట్టి స్మిత్ ప్రతి ఊళ్లోనూ పుట్టాడు. అటెన్‌బరో, స్విండిల్‌హర్స్ట్ లాంటి పేర్లలో మాత్రం 70 శాతం పైగా మగవాళ్లది ఒకే రకం, లేదా దాదాపు అదే రకం వై క్రోమోజోమ్. అంటే ఎక్కడో వెనక ఒకే ఒక్క తాత ఉన్నాడు.

బెజవాడ బాబాయ్:
మరి మిగతా ముప్పై శాతం సంగతేంటమ్మా? అడగకూడదేమో...

లత (జెనెటిక్స్):
అడగొచ్చు బాబాయ్, పరిశోధకులే అడిగారు! పెళ్లికాకుండా పుట్టిన బిడ్డకి తల్లి ఇంటిపేరు వస్తుంది, పెంపుడు కొడుక్కి పెంచినవాళ్ల పేరు వస్తుంది, మారుటి తండ్రి పేరు పెట్టుకుంటారు, ఆస్తి కోసం మేనమామ ఇంటిపేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మీరు అనుకుంటున్నదీ ఉంటుంది. అన్నీ కలిపినా తరానికి 1 నుంచి 4.5 శాతం లోపే అని తేల్చారు. తరానికి అంత తక్కువైనా ఏడెనిమిది వందల ఏళ్లలో కూడుకుంటూ పోతుంది కదా.

ఇదే బృందానికి ఇంకో వింత తగిలింది. తూర్పు యార్క్‌షైర్‌కి చెందిన అరుదైన ఇంటిపేరున్న ఒకాయన వై క్రోమోజోమ్ పశ్చిమ ఆఫ్రికా రకం అని తేలింది. మనిషి చూడ్డానికి మామూలు ఇంగ్లీషు తెల్లాయన, తనకి ఆఫ్రికా చుట్టరికం ఉందని ఆయనకే తెలియదు. అదే ఇంటిపేరున్న 18 మందిని పరీక్షిస్తే 7గురిలో అదే రకం ఉంది. కాగితాల్లో వాళ్లు రెండు వంశాలుగా 1780ల యార్క్‌షైర్ దాకా వెళ్లారు, అక్కడితో దారి ఆగింది. రోమన్లు ఉత్తర ఇంగ్లండ్‌లోని హాడ్రియన్ గోడ కాపలాకి ఉత్తర ఆఫ్రికా సైనికులని తెచ్చారు. తర్వాత బానిస వ్యాపారం కాలంలో వచ్చినవాళ్లున్నారు. ఏ దారిన వచ్చాడో గానీ ఆ తాత ఇంటిపేరు చాటున అన్ని తరాలు ప్రయాణించాడు. సాదాసీదా పేరైతే ఈ సంగతి బయటికి వచ్చేదే కాదు.

విజయనగరం మాస్టారు:
లతమ్మా, బాగా చెప్పావు. కానీ ఒక మెలిక ఉంది. ఒకే తాత అని డీఎన్‌ఏ చెబుతుంది. ఆ తాత ఏ ఊరివాడో చెప్పదు. డెర్బీలో కోట పక్కన ఉన్నవాడు ఒకడే అయి, వాడి సంతానమే ఇదంతా అయితే? అప్పుడు నా "కోట దగ్గరివాడు" కూడా నిలబడతాడు.

మ్యాపుల పిచ్చి:
మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. డీఎన్‌ఏ ఒక్కటే అయితే మీ మాట తోసేయలేం. మ్యాపు ఒక్కటే అయినా తోసేయలేం. రెండూ కలిపి చూడండి. తాత ఒక్కడే. ఆ సంతానం గుమిగూడింది నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ హద్దు చుట్టూ. ఆ హద్దు మీదే అచ్చంగా ఈ పేరుతో ఊరు ఉంది. ఇన్ని కలిశాక కూడా వేరే కోట వెతకాలంటే వెతకాలనే పట్టుదల ఉండాలి 🙂

పాత కాగితాలు:
ఇంకో మాట కలుపుతాను. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే మనిషి ఊరు వదలాలి. అటెన్‌బరోలో ఉన్నంతకాలం ఎవడూ వాణ్ణి అటెన్‌బరోవాడు అనడు, అక్కడ అందరూ అటెన్‌బరోవాళ్లే. వాడు చిల్‌వెల్‌కో, స్టేపుల్‌ఫర్డ్‌కో, నాటింగ్‌హామ్ సంతకో వెళ్లి స్థిరపడినప్పుడు పక్కింటివాళ్లు అలా పిలుస్తారు. అందుకే ఇలాంటి ఇంటిపేర్లు అసలు ఊళ్లో కన్నా దాని చుట్టూ ఓ రోజు నడక దూరంలో ఎక్కువగా దొరుకుతాయి. మన కందుకూరి, నిడదవోలు, వేటూరి వాళ్లూ అంతే కదా. కందుకూరులో ఉన్నవాణ్ణి కందుకూరివాడని ప్రత్యేకంగా పిలిచే పనేముంది?

బెజవాడ బాబాయ్:
అయితే మనకి ఒక్క ఊరి ఇంటిపేరే నాలుగు కులాల్లో ఉంటుంది. ఒక్క తాత లెక్క మన దగ్గర పారదు.

పాత కాగితాలు:
నిజమే బాబాయ్. అక్కడ కూడా ఒకే పేరుతో చాలా ఊళ్లుంటే అదే కథ. సటన్ అనే ఊళ్లు ఇంగ్లండ్‌లో బోలెడు. సటన్ ఇంటిపేరు వాళ్లని ఒక్క తాతకి కట్టలేం. మన కాటన్ దొర ఇంటిపేరు కూడా చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినాయన పేరుకీ పత్తికీ సంబంధం లేదు. గుడిసెల దగ్గర అని అర్థమొచ్చే ఊరి పేరు అది. అలాంటి కాటన్‌లు చాలా జిల్లాల్లో ఉన్నాయి, ఇంటిపేరు కూడా చాలాచోట్ల విడివిడిగా పుట్టింది. దొరగారి వంశం చెషైర్‌లోని కోంబర్‌మియర్ కాటన్లది.

నర్సీపట్నం వాసు:
దొరల పేర్ల మాటొచ్చింది కాబట్టి ఒకటి అడుగుతా. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి దళం చేతిలో చనిపోయిన ఇద్దరు ఆఫీసర్ల పేర్లు స్కాట్ కవర్డ్, హైటర్. మా ఊళ్లో సమాధులు ఉన్నాయి. చిన్నప్పుడు ఇంగ్లీషు క్లాసులో కవర్డ్ అంటే పిరికివాడు అని చెప్తే అందరం నవ్వుకునేవాళ్లం. ఇంటిపేరు అలా ఎవరైనా పెట్టుకుంటారా?

పాత కాగితాలు:
ఆ పేరుకి పిరికితనంతో చుట్టరికం లేదు వాసు గారూ. కౌ హర్డ్, అంటే ఆవులు కాసేవాడు, నోట్లో నలిగి అలా అయింది. షెపర్డ్ ఎలాగో ఇదీ అలాగే. పిరికివాడు అనే మాట ఫ్రెంచి నుంచి వేరే దారిన వచ్చి ఇదే స్పెల్లింగ్‌లో కూర్చుంది. హైటర్ అంటే ఎత్తు మీద, మిట్ట మీద ఉండేవాడు. ఈ కవర్డ్ పేరు అటెన్‌బరోకి సరిగ్గా ఎదురు. పశువుల కాపరి ఎక్కడైనా ఉంటాడు. అందుకే ఉత్తరాన లాంకషైర్ వైపు ఒక గుంపు, నైరుతిలో సోమర్సెట్, విల్ట్‌షైర్ వైపు ఇంకో గుంపు కనిపిస్తాయి. ఒకరికొకరు ఏమీ కారు.

ఆ ఇద్దరి కుటుంబాల గురించి తెలుసుకోవాలంటే లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డులు చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్లు ఎన్/2 వరసలో ఉంటాయి. బెంగాల్ ఎన్/1, బొంబాయి ఎన్/3.

మోడరేటర్:
మన్యం పోరాటం సంగతులు వేరే చర్చలో ఉన్నాయి, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఇంటిపేర్లే.

డెర్బీ శ్రీను:
ఒక్కటి అర్థం కాలేదు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఆ ఊరి నుంచి బయటికెళ్లినవాళ్లు ఒక్కరే ఉంటారా? పదిమంది వెళ్లి ఉండరూ? మరి ఒక్కడి సంతానమే ఎందుకు మిగిలింది?

లత (జెనెటిక్స్):
పదిమంది వెళ్లే ఉంటారు. మిగిలింది ఒకడి గీత. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఇదే లెక్క ఒక పత్రికలో ప్రశ్నగా వేశాడు. పెద్దింటి పేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయని ఆయన బెంగ. వాట్సన్ అనే గణితం తెలిసిన చర్చి ఫాదరు సాయంతో 1874లో జవాబు రాశారు. లెక్క పక్కన పెట్టి చెబుతాను. ఇంటిపేరు మగపిల్లవాడి మీదే నడుస్తుంది. ఒక తరంలో అందరూ ఆడపిల్లలే అయితే, ఉన్న ఒక్క కొడుకు పెళ్లికి ముందే పోతే, ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. మొదటి రెండు మూడు తరాలే గండం. పైగా 1348, 49లో ప్లేగు వచ్చి ఇంగ్లండ్ జనంలో మూడో వంతుకి పైగా తుడిచిపెట్టేసింది. దక్షిణాన ఇంటిపేర్లు అప్పుడప్పుడే స్థిరపడ్డాయి, ఉత్తరాన ఇంకో వందేళ్లు పట్టింది. ఎన్ని పేర్లు పుట్టి పుట్టగానే పోయాయో! ఒకడికి నలుగురు కొడుకులు బతికితే ఆ పేరు గట్టెక్కింది. కోట మీద పుట్టిందా, ఊరి మీద పుట్టిందా అన్నదానికన్నా ఆ నలుగురు కొడుకులే అసలు కారణం.

విజయనగరం మాస్టారు:
ఇది బాగుంది. అయితే నా కోట దగ్గరివాళ్లు కూడా పుట్టి, ప్లేగులో పోయి ఉండొచ్చన్నమాట. ఆ మాట మీద నేను ఆగుతాను.

డెర్బీ శ్రీను:
ఇంకో సంగతి దొరికింది. డేవిడ్, రిచర్డ్‌ల నాన్నగారు ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో. మ్యాపులో కొలిస్తే అటెన్‌బరో ఊరికి నాలుగైదు కిలోమీటర్లు. అంటే ఇన్ని వందల ఏళ్లలో ఆ శాఖ కదిలింది అంతేనా?

పాత కాగితాలు:
నేను "రోజు నడక" అన్నది అదే. ఇంకో తమాషా చెప్పనా? ఆ ఫ్రెడరిక్ గారే 1932 నుంచి 1951 దాకా లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. తర్వాత అదే లెస్టర్ యూనివర్సిటీ అయింది. లత గారు చెప్పిన ఇంటిపేర్ల పరిశోధన జరిగింది ఆ యూనివర్సిటీలోనే.

కానీ స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టాడు కాబట్టి ఎప్పుడూ అక్కడే ఉన్నారని తేల్చేయకండి. మధ్యలో ఎవరైనా వెళ్లి తిరిగొచ్చి ఉండొచ్చు. వరస కట్టాలంటే 1837 జూలై నుంచి ప్రభుత్వ జనన మరణ రికార్డులు ఉన్నాయి. వాటి వెనక 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ మొదలుపెట్టించిన చర్చి రిజిస్టర్లు, అవి అన్ని ఊళ్లలోనూ మిగల్లేదు. ఇంకా వెనక్కి 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు. వాటిలో పేరు దొరికితే మాత్రం పండగే.

డెర్బీ శ్రీను:
వారాంతంలో నాటింగ్‌హామ్ ఆర్కైవ్స్ సైటు మీద కూర్చుంటాను. వెతికేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

మ్యాపుల పిచ్చి:
ఒకే స్పెల్లింగ్‌తో వెతకొద్దు. గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. చివర "బరో"ని కనీసం మూడు నాలుగు రకాలుగా కొట్టండి, "బారో" అని కూడా. "ట" రెండుసార్లు, ఒకసారి, రెండు విధాలా చూడండి. 1600కి ముందైతే "ట" బదులు "డ" పెట్టి కూడా ప్రయత్నించండి, ఊరి పాత పేరులో ఉన్నది అదే కదా. ఏ ఊరి రిజిస్టరులో ఏ స్పెల్లింగ్ దొరికిందో రాసుకుని ఇక్కడ పెట్టండి, నేను మ్యాపు మీద ఎక్కిస్తాను.